ముద్ద మింగుడుపడనప్పుడు: తిండి భయాలకు మానసిక వైద్యం ఏం చేయగలదు

నెల్లూరు వైపు చేపల పులుసు కాచిన రోజు, పిల్లల కంచంలో ముక్క వేసే ముందు అమ్మో అవ్వో దాన్ని వేళ్లతో చిదిమి ముళ్లు ఏరి పెట్టడం మామూలు. ఎంత ఏరినా ఒక్కోసారి ఒకటి కన్నుగప్పుతుంది. అది గొంతులో గుచ్చుకోగానే ఇల్లంతా హడావుడి. ఒకరు ఉత్త అన్నం ముద్ద నమలకుండా మింగమంటారు, ఒకరు అరటిపండు తెస్తారు, ఇంకొకరు వీపు చరుస్తారు. చాలామంది పిల్లలు కాసేపు ఏడ్చి, మర్నాడు మళ్లీ అదే పులుసులో ముక్క అడుగుతారు. ఎక్కడో ఒకరు మాత్రం ముల్లు పోయాక కూడా మామూలు కారు. మొదట చేప మానేస్తారు. తర్వాత మాంసం, ఆ తర్వాత చపాతీ, చివరికి అన్నం. నెల తిరిగేసరికి పాలు, మజ్జిగ, పల్చటి జావ మీదికి వచ్చేస్తారు. డాక్టరు టార్చి వేసి చూసి, అవసరమైతే గొట్టం పరీక్ష కూడా చేసి, గొంతులో ఏమీ లేదంటాడు. ఆ మాట ఇంట్లోవాళ్ల చెవికి 'వీడు నాటకాలాడుతున్నాడు' అన్నట్టు సోకుతుంది.

ఇంకో ఇంట్లో నాలుగేళ్ల పాప పప్పన్నంలో కరివేపాకు తగిలితే కంచం తోసేస్తుంది. మరో ఇంటి కుర్రాడు ఇంటర్ హాస్టల్లో చేరాడు. పెరుగన్నం, బంగాళదుంప చిప్స్, ఒకే కంపెనీ బిస్కెట్లు తప్ప ఏదీ నోట పెట్టడు. మూడిళ్లలోనూ పడే తిట్టు ఒకటే: మొండి. కానీ మూడింటికీ కారణాలు వేరు, చేయాల్సిన పనీ వేరు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్తే ముందు జరిగేది ఈ మూడింటినీ విడదీయడమే.

పాప సంగతి తేలిక. రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా కొత్త తిండిని చూసి వెనక్కి తగ్గడం ఎదుగుదలలో ఒక దశ. నడక వచ్చి, దొరికిందల్లా నోట్లో పెట్టుకోగలిగే వయసులోనే ఈ జంకు బలపడటానికి ఒక కారణం చెబుతారు: తెలియనిది తినకుండా ఆపే కాపలా అది. కెనడాలో ప్యాట్రీషియా ప్లైనర్, కరెన్ హాబ్డెన్ 1992లో ఈ జంకును కొలిచే ప్రశ్నావళి తయారు చేశారు. బ్రిటన్‌లో 5,390 జతల కవల పిల్లల మీద చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. పిల్లలకూ పిల్లలకూ మధ్య ఈ జంకులో కనబడే తేడాలో 78 శాతం జన్యువుల వల్లేనని అందులో తేలింది. 'తల్లి గారాబం చేసి చెడగొట్టింది' అనే అత్తింటి తీర్పుకు ఇది మంచి జవాబు. అదే ఇంట్లో, అదే పొయ్యి మీద వండింది తిని పెరిగిన అన్న అన్నీ తింటూ, చెల్లెలు ఏదీ తినకపోవడంలో వింతేమీ లేదు.

నాలుకలోనూ తేడాలుంటాయి. అమెరికాలో ఆర్థర్ ఫాక్స్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఒకసారి పీటీసీ అనే పొడి గాల్లోకి లేచింది. పక్కనున్నాయన అది చేదు విషమన్నాడు. ఫాక్స్‌కు ఏ రుచీ తెలియలేదు. ఆయన 1931లో బయటపెట్టిన ఈ తేడాకు మూలమైన జన్యువును 2003లో గుర్తించారు. కాబట్టి కాకరకాయ వేపుడు తండ్రి నోటికి కమ్మగా, కొడుకు నోటికి భరించలేనట్టుగా ఉండటం ఇద్దరికీ నిజమే. 'నేను తినడం లేదా?' అన్న వాదన అక్కడ చెల్లదు.

ఈ దశ దాటించేందుకు పెద్ద విద్య ఏమీ అక్కర్లేదు, ఓపిక కావాలి. అమెరికా పరిశోధకురాలు లియాన్ బర్చ్ 1980ల నుంచి చేసిన పరిశోధనలు, వాటి తర్వాత వచ్చినవి చెప్పేదాని ప్రకారం, కొత్త రుచి పిల్లలకు అలవాటు కావాలంటే ఎనిమిది నుంచి పదిహేను సార్లు నోటికి తగలాలి. అదీ చిటికెడంత, ఒత్తిడి లేకుండా. మన ఇళ్లలో రెండు మూడు సార్లకే 'వీడు బీరకాయ తినడు' అని తీర్మానం అయిపోతుంది. ఆ మాట వాడి ముందే చుట్టాలందరికీ చెప్పేస్తారు కూడా. ఇక ఆ పేరు నిలబెట్టుకోవడం వాడి పని.

పప్పన్నం ముద్దలో ఏముంటుంది

హాస్టల్ కుర్రాడి లాంటివాళ్ల ఇబ్బంది అర్థం కావాలంటే మన తిండిని కొంచెం దగ్గరగా చూడాలి. మనది కలుపుకొని తినే భోజనం. ఒక్క పప్పన్నం ముద్దనే తీసుకుంటే, అందులో మెత్తటి పప్పు, పలుకు పలుకుగా మెతుకులు, పంటి కింద చిట్లే ఆవగింజ, కరకరలాడే మినప్పప్పు, తోలులా సాగే ఎండుమిర్చి ముక్క, నాలుకకు అంటుకునే టమాటా తొక్క, నమలబుద్ధి కాని కరివేపాకు ఉంటాయి. ఏ ముద్దలో ఏది వస్తుందో తెలియదు. చాలామందికి ఆ కలగలుపులోనే రుచి ఉంది. స్పర్శ, వాసన, రుచి మామూలుకంటే పదునుగా తెలిసే పిల్లలకు మాత్రం ప్రతి ముద్దా ఎదురుదాడే. బిస్కెట్ అలా కాదు. నిన్నటిదీ రేపటిదీ ఒకే రంగు, ఒకే కరకర, ఒకే తీపి. ఈ పిల్లలు ప్యాకెట్ తిండికి ఎగబడటాన్ని జంక్ మోజని కొట్టిపారేస్తారు కానీ, వాళ్లు అక్కడ వెతుక్కునేది నమ్మకం. పెరుగన్నం, తెల్లటి ఇడ్లీ, ఉత్త దోశ కూడా ఇందుకే వాళ్ల జాబితాలో ఉంటాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ తీరు ఎక్కువ. అయితే ఇలా తినే ప్రతి పిల్లవాడికీ ఆటిజం ఉన్నట్టు కాదు.

ఇష్టాయిష్టాల హద్దు దాటి ఇది రోగం అయ్యే చోటు ఒకటుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో తెచ్చిన మానసిక రోగాల పట్టిక డీఎస్ఎం-5లో దానికి 'అవాయిడెంట్/రిస్ట్రిక్టివ్ ఫుడ్ ఇన్‌టేక్ డిజార్డర్' అని పేరు పెట్టింది. పొట్టిగా 'ఆర్ఫిడ్' అంటారు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టిక ఐసీడీ-11లోనూ అది చేరింది. తిండిని తప్పించుకోవడం వల్ల బరువు తగ్గడం లేదా ఎదగాల్సినంత ఎదగకపోవడం, పోషకాల లోపం రావడం, గొట్టం ద్వారానో డబ్బా పొడుల మీదో బతకాల్సి రావడం, నలుగురితో మెలగడం దెబ్బతినడం: వీటిలో ఒక్కటున్నా చాలు. లావైపోతామన్న భయంతో కడుపు మాడ్చుకునే అనొరెక్సియాకూ దీనికీ సంబంధం లేదు. ఇక్కడ ఒంటి ఆకారం ఊసే ఉండదు. కారణాలు మూడు పాయలుగా కనబడతాయి: ఇంద్రియాలకు పడకపోవడం, ఆకలీ ఆసక్తీ తక్కువగా ఉండటం, తింటే ఏదో అవుతుందన్న భయం. చేపముల్లు పిల్లాడిది మూడో పాయ. వాంతి అవుతుందేమోనని తినడం మానేసేవాళ్లూ ఇందులోకే వస్తారు. శనివారం ఒక పొద్దులు, కార్తీక ఉపవాసాలు, నీచు ముట్టని నియమాలు రోగాలు కావు. వాటిని మనిషి ఎంచుకుంటాడు. తిందామన్నా తినలేకపోవడం ఆర్ఫిడ్.

ముందు ఒళ్లు చూపించాలి

మనసు సంగతి తర్వాత. తినని పిల్లవాణ్ణి మొదట పిల్లల డాక్టరుకు చూపించి తీరాలి. టాన్సిల్స్ వాపు, పుచ్చిన పళ్లు, పులితేన్పులు, మలబద్ధకం ఆకలిని చంపేస్తాయి. ఇనుము తగ్గితే ఆకలి మందగిస్తుంది. ఆకలి లేక తినకపోతే ఇనుము ఇంకా తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో దేశం మొత్తం మీద 67.1 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ అది 60 శాతం దాటింది. అన్నం వద్దని బలపాలు, మట్టి, పచ్చి బియ్యం నమిలే పిల్లల్ని కొట్టి మాన్పించాలని చూసే ముందు రక్తపరీక్ష చేయించడం మేలు. నులిపురుగుల మాత్ర బళ్లలో ఫిబ్రవరి 10న వేస్తారు. ఆ రోజు పిల్లలు మానేసి ఉంటే మళ్లీ అడిగి వేయించాలి. ఇక పాలు. అన్నం తినలేదన్న బెంగతో రోజుకు మూడు నాలుగు గ్లాసులు పట్టిస్తే కడుపు వాటితోనే నిండుతుంది. పాలలో ఇనుము దాదాపు లేదు. అర లీటరు దాటకుండా చూడమని వైద్యులు చెప్పేది అందుకే.

ముల్లు విషయంలోనూ ఒక మాట. ఉత్త అన్నం ముద్దతో నెట్టేయడాన్ని చెవి, ముక్కు, గొంతు వైద్యులు ఒప్పుకోరు. పైపైన ఉన్నది లోతుకు దిగవచ్చు. ముల్లు తీసేశాక కూడా గీసుకున్న చోట ఒకటి రెండు రోజులు గరగరలాడుతుంది. ఈ ముక్క డాక్టరు పిల్లవాడికే నేరుగా చెబితే సగం భయం అక్కడే ఆగుతుంది. చాలాసార్లు చెప్పరు.

తిండి ఆగగానే దిష్టి తీయడం, తాయెత్తు కట్టించడం ఇక్కడ ఎవరూ మానరు. మానమనడమూ అనవసరం. ఉప్పు, ఎండుమిర్చి తిప్పి పడేస్తే పోయేదేం లేదు. దాంతోపాటు బరువు కూడా చూస్తే చాలు. అంగన్‌వాడీలో బరువు రాసే కార్డు మీద గీత నెలనెలా పైకి పోతోందా, అడ్డంగా పడుకుందా, కిందికి దిగిందా అన్నది ఏ అమ్మమ్మ అంచనా కంటే గట్టి సాక్ష్యం. పిల్లవాడు తినేవన్నీ కలిపి లెక్కపెడితే ఇరవై రకాలు కూడా లేకపోవడం, వాటిలోంచి ఒకటొకటే రాలిపోతూ కొత్తవి చేరకపోవడం, ముద్ద చూడగానే ఓకరించడం, ప్రతి భోజనం అరగంట దాటడం: ఇవి కనబడితే 'పెద్దయితే వాడే తింటాడు' అని ఆగడం మంచిది కాదు.

తినిపించే చేయి

మన దగ్గర చికిత్సకు పెద్ద అడ్డంకి పిల్లవాడి భయం కంటే పెద్దవాళ్ల ప్రేమ. అన్నం పరబ్రహ్మమని నమ్మే ఇళ్లలో కంచం తోసేయడం పాపం కిందికి వస్తుంది. నెల్లూరు స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగకు వచ్చినవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్ల చేతి రొట్టె తీసుకుని, కోరిక చెప్పుకొని తింటారు. తిండి ఇచ్చిపుచ్చుకోవడం ఇక్కడ అంత బరువైన విషయం. అలాంటి చోట పిల్లవాడు ముద్ద వద్దంటే పెట్టే మనిషికి తననే వద్దన్నట్టు తగులుతుంది. అందుకే 'ఇంకొక్క ముద్ద నాయనా, అవ్వ కోసం' అని మొదలై, ఫోను చూపించడం, పోలీసు వస్తాడనడం, సూది వేయిస్తాననడం దాకా పోతుంది. ఐదారేళ్ల పిల్లలకు కూడా నోట్లో పెట్టి తినిపించడం మామూలే కాబట్టి ఈ తంతు రోజుకు మూడు పూటలా నడుస్తుంది.

దీని ఫలితం ఏమిటో పరిశోధనలు సూటిగానే చెప్పాయి. అమెరికాలో 2006లో చిన్నపిల్లలకు సూప్ ఇచ్చి, కొందరిని 'పూర్తిగా తాగేయ్' అని పదే పదే అడిగారు. ఒత్తిడి పెట్టినప్పుడు వాళ్లు తక్కువ తాగారు, దాని గురించి చెడుగానూ మాట్లాడారు. లంచమూ పనిచేయదు. 'ఇది తాగితే అది ఇస్తా' అని పెట్టిన పానీయం మీద పిల్లలకు ఇష్టం తగ్గిందని బర్చ్ బృందం 1984లోనే చూపింది. పప్పు తింటే చాక్లెట్ అన్న బేరంలో పిల్లవాడు నేర్చుకునే పాఠం, పప్పు అనేది చాక్లెట్ ఇస్తే తప్ప తినదగింది కాదని. భయమున్న పిల్లల్లో ఇంకొకటి జరుగుతుంది. గుండెదడ పుట్టిన క్షణంలో ఒళ్లు పరుగుకు సిద్ధమవుతుంది, ఆకలి చచ్చిపోతుంది, నోరెండుతుంది. ఎండిన నోటితో ముద్ద నిజంగానే దిగదు. బెదిరింపుతో ఎవరైనా ముద్ద మింగించవచ్చు, ఆకలి మాత్రం పుట్టించలేరు.

దీనికి అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పని పంపకం చాలా చోట్ల వాడతారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్లు తేలుస్తారు. తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లవాడే తేల్చుకుంటాడు. వేళకు పెట్టే భోజనం, చిరుతిండి తప్ప మధ్యలో ఇంకేమీ ఉండవు. కంచంలో వాడికి నమ్మకమున్నది ఒకటైనా ఉంటుంది. వినడానికి సులువే కానీ, నలుగురు పెద్దలున్న ఇంట్లో ఇది నడవడం కష్టం. అమ్మ పాటిస్తుంది. మధ్యాహ్నం పిల్లవాడు తినలేదని తెలిసిన నాయనమ్మ నాలుగింటికి బిస్కెట్ ప్యాకెట్టూ, బూస్టు కలిపిన పాలూ ఇస్తుంది. రాత్రికి ఆకలి ఉండదు. అందుకే అనుభవమున్న సైకాలజిస్టులు మొదటి సిట్టింగులోనే 'ఇంట్లో తినిపించేది ఎవరు?' అని అడిగి, ఆ మనిషినీ పిలిపిస్తారు. అవ్వను తప్పుపట్టకుండా ఆమెకు వేరే పని ఒప్పజెప్పడం ఒక నేర్పు: కూరగాయలు ఒలిచేటప్పుడు పిల్లవాణ్ణి పక్కన కూచోబెట్టుకోవడం, చిక్కుళ్లు గిల్లించడం, పిండి ముట్టనివ్వడం. తినమనే మాట రాకుండా తిండి చేతికి తగలడం చికిత్సలో సగం పని.

ఇంకో అలవాటు నిశ్శబ్దంగా చేటు చేస్తుంది. చేదు మందును పెరుగన్నంలోనో అరటిపండులోనో కలిపి పెట్టడం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గార్సియా 1955లో ఎలుకలకు తీపి నీళ్లు ఇచ్చి రేడియేషన్ తగిలిస్తే, ఒంట్లో బాగోలేకపోవడం తీపితో ముడిపడి అవి ఆ నీళ్లే మానేశాయి. ఒక్కసారి చాలు, మధ్యలో కొంత వ్యవధి ఉన్నా చాలు. క్యాన్సర్ మందులు ఎక్కించే ముందు పిల్లలకు కొత్త రకం ఐస్‌క్రీమ్ పెడితే తర్వాత దాన్ని వద్దన్నారని 1978లో ఐలీన్ బెర్న్‌స్టైన్ చూపారు. వాంతులు, విరేచనాలైన రోజున తిన్న పులిహోరను ఏళ్ల తరబడి ముట్టనివాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. నాలుగే తినే పిల్లవాడికి ఉన్న పెరుగన్నాన్ని మందుతో చెడగొడితే మిగిలేవి మూడు. కూరగాయలు మెత్తగా రుబ్బి దోశపిండిలో దాచడం కూడా ఈ పిల్లల విషయంలో బెడిసికొడుతుంది. దొరికిపోయిన రోజున దోశ కూడా పోతుంది.

మెట్లు ఎక్కించడం

భయానికి ఇచ్చే చికిత్సకు నూరేళ్ల చరిత్ర ఉంది. 1924లో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మేరీ కవర్ జోన్స్ కుందేలంటే హడలిపోయే పీటర్ అనే మూడేళ్ల లోపు పిల్లవాడికి ఇష్టమైన తిండి పెడుతూ, పంజరంలో ఉన్న కుందేలును రోజురోజుకూ దగ్గరికి జరిపింది. చివరికి వాడు దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. తిండి భయంలో చిక్కేమిటంటే ఆమె మందుగా వాడిందే ఇక్కడ భయం. అయినా సూత్రం అదే: భయపడేదానికి చిన్న చిన్న మోతాదుల్లో, పారిపోకుండా, పదే పదే ఎదురుకావడం.

కోవూరులో ముల్లు గుచ్చుకున్న పదేళ్ల పిల్లవాణ్ణి ఊహించుకుంటే వైద్యం దాదాపు ఇలా సాగుతుంది. మొదట మింగడం ఎలా జరుగుతుందో బొమ్మ గీసి చెబుతారు. ముద్ద వెళ్లేటప్పుడు గాలి గొట్టం మీద మూత దానంతటదే పడుతుందనీ, ఓకరింత రావడం ప్రమాదం కాదు, కాపలా పనిచేస్తోందనడానికి గుర్తనీ చెబుతారు. తర్వాత ఒక ప్రయోగం. ఏమీ తినకుండా వరుసగా నాలుగైదు సార్లు ఉమ్మి మింగమంటారు. మూడో నాలుగో సారికి ఎవరికైనా గొంతు పట్టేసినట్టుంటుంది. డాక్టరూ చేస్తాడు, నాన్నా చేస్తాడు, అందరికీ పట్టేస్తుంది. గొంతు పట్టేయడానికి ముల్లు అక్కర్లేదని పిల్లవాడికి అక్కడే తెలిసిపోతుంది. నాకు ఈ చికిత్స మొత్తంలో ఇదే నచ్చిన ఘట్టం. గంట ఉపన్యాసం చేయలేని పని నాలుగు గుటకలు చేస్తాయి.

ఆ తర్వాత పిల్లవాడి చేతే జాబితా రాయిస్తారు. ఏది తక్కువ భయం, ఏది ఎక్కువ, సున్నా నుంచి పది దాకా అంకెలు. మజ్జిగకు సున్నా. పల్చటి రాగిజావకు ఒకటి, గట్టి జావకు రెండు, మెదిపిన పెరుగన్నానికి మూడు, పాలలో నానిన ఇడ్లీకి నాలుగు. ఉత్త ఇడ్లీ, దోశ, పప్పన్నం అలా పైకి పోగా, కోడిమాంసం ఎనిమిదికి, చేపల పులుసు పదికి చేరతాయి. ఒక మెట్టు మీద భయం తగ్గి విసుగు పుట్టేదాకా అక్కడే ఉంటారు. ప్రతి ముద్దకు ముందు 'ఏం జరుగుతుందనుకుంటున్నావు, నూటికి ఎంత?' అని రాయిస్తారు, తిన్నాక 'ఏం జరిగింది?' అని పక్కన రాయిస్తారు. 'ఊపిరాడదు, నూటికి ఎనభై' అని రాసిన చోట 'ఏమీ కాలేదు' అన్న వరుస పొడవవుతూ పోతుంది.

ఇక్కడ తప్పటడుగు పడే చోటు ఒకటుంది. భయపడే పిల్లలు తమకు తెలియకుండానే కొన్ని రక్షణలు అల్లుకుంటారు: ముద్ద ముద్దకూ నీళ్లు తాగడం, నీళ్లయ్యేదాకా నమలడం, అద్దంలో గొంతు చూసుకోవడం, అమ్మ పక్కన లేనిదే తినకపోవడం. ఇవి ఉన్నంతకాలం, ముద్ద దిగింది నీళ్ల వల్లేనని మనసు లెక్క కడుతుంది, భయం చెక్కుచెదరదు. అందుకే మెట్లెక్కుతూనే వీటినీ ఒక్కొక్కటిగా వదిలిస్తారు. ఇంట్లోవాళ్లు తెలియక 'నీళ్లు తాగు, నీళ్లు తాగు' అని గ్లాసు పట్టుకుని నిలబడతారు. ఆ గ్లాసును దూరం పెట్టడం వాళ్లకు చాలా కష్టమైన పని.

ఇంద్రియాల పాయలో ఉన్నవాళ్లకు దారి కొంచెం వేరు. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో జెన్నిఫర్ థామస్, క్యామ్రిన్ ఎడీ ఆర్ఫిడ్ కోసమే రూపొందించిన ఆలోచనా-ప్రవర్తనా చికిత్స పదేళ్లు దాటినవాళ్లకు 20 నుంచి 30 సిట్టింగుల్లో జరుగుతుంది. కొత్త తిండిని ముందు చూడటం, తాకడం, వాసన చూడటం, నాలుకకు తగిలించడం, నమలడం. ఎలా ఉందో వర్ణించాలి తప్ప బాగుందో లేదో తీర్పు చెప్పకూడదు. 'ఛీ' అనడం కాదు, 'తడిగా ఉంది, ఉప్పగా ఉంది, పీచుగా ఉంది' అనాలి. నచ్చిన దాని పక్కనుంచే కొత్తదానికి దారి తీస్తారు. ప్యాకెట్ చిప్స్ నుంచి ఇంట్లో వేయించిన బంగాళదుంప చిప్స్‌కు, అక్కడి నుంచి అరటికాయ చిప్స్‌కు, తర్వాత అరటికాయ వేపుడుకు. ఒక్కో మెట్టులో ఒక్క గుణమే మారుతుంది. కరకర అలాగే ఉండి రుచి మారడం, లేదా రుచి అలాగే ఉండి మెత్తదనం రావడం. చిన్నపిల్లలకు ఇదే పని ఆటల ద్వారా ఆక్యుపేషనల్ థెరపిస్టులు చేయిస్తారు. మింగడంలోనే ఇబ్బంది ఉంటే స్పీచ్ థెరపిస్టు చూడాలి.

ఆకలే తెలియనివాళ్లకు వేళకు గంట కొట్టినట్టు కొంచెం కొంచెంగా పెట్టడం, పాలు, జ్యూసులు తగ్గించడం ప్రధానం.

ఈ చికిత్సల మీద ఆధారాలు ఇంకా పెరుగుతున్న దశలోనే ఉన్నాయి. పెద్ద ఎత్తున చేసిన పోలికల పరీక్షలు తక్కువ. అయినా గొంతుకు అడ్డం పడుతుందన్న భయానికి మెట్ల పద్ధతి చేసే మేలును వైద్యులు దశాబ్దాలుగా చూస్తున్నారు. ఆర్ఫిడ్‌కంటూ ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. దిగులు, ఆందోళన ఎక్కువగా ఉంటే వాటికి సైకియాట్రిస్టు మందు రాయవచ్చు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే 'ఆకలి సిరప్' సంగతి వేరు. వాటిలో చాలావాటిలో ఉండే సైప్రోహెప్టడిన్ నిజానికి ఎలర్జీ మందు. ఆకలి కొంత పెంచుతుంది, నిద్రమత్తు ఇస్తుంది, భయాన్ని మాత్రం ముట్టుకోదు. చీటీ లేకుండా అది పట్టించడం తగదు.

పెద్దవాళ్లూ, ఎక్కడికి వెళ్లాలీ

పెద్దయ్యాక ఈ బాధ మాయం కాదు, దాక్కుంటుంది. పెళ్లిలో బంతికి కూర్చోమంటే 'ఉపవాసం' అని తప్పించుకునేవాళ్లు, ఆఫీసు టూర్లకు వంకలు చెప్పేవాళ్లు ఉన్నారు. కొత్త కోడలి పరిస్థితి మరీ ఇరకాటం. అత్తగారు ప్రేమగా వడ్డించిన నెత్తళ్ల వేపుడు వాసనకే కడుపు తిప్పే అమ్మాయి, ఆ ముక్క చెబితే పుట్టింటి పెంపకం మీదికి వస్తుందని నోరు మూసుకుంటుంది. వీళ్లకు చికిత్స లక్ష్యం అన్నీ ఇష్టంగా తినడం కాదు. నలుగురిలో కూర్చుని ఏదో ఒకటి తిని లేవగలగడం, రక్తపరీక్షలు సరిగ్గా ఉండటం. ఆమాత్రానికే చాలామంది జీవితం తేలికపడుతుంది.

పల్లెల నుంచి నెల్లూరు రావడమే ఒక పూట పని. అలాంటివాళ్లు ముందు టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. 2022 అక్టోబరు 10న మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనూ దొరుకుతుంది. నెల్లూరు, ఒంగోలులో ప్రభుత్వ వైద్య కళాశాలలకు అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం, పిల్లల విభాగం రెండూ ఒకే ఆవరణలో ఉండటం ఒక సౌకర్యం. 2013లో వచ్చిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి పద్దెనిమిదేళ్ల దాకా వర్తిస్తుంది. బడికో అంగన్‌వాడీకో వచ్చే ఆ బృందానికి చెబితే, ఎదుగుదలలో జాప్యం ఉన్న పిల్లల్ని జిల్లా కేంద్రానికి పంపుతారు. నెల్లూరువాళ్లు అలవాటుగా చెన్నై రైలెక్కుతారు. వెళ్లడం తప్పేమీ కాదు, కానీ ఈ చికిత్సలో వారం వారం కలవడం ముఖ్యం కాబట్టి దగ్గర్లో కుదిరినదే నిలుస్తుంది. ప్రైవేటులో వెళ్లేటప్పుడు క్లినికల్ సైకాలజిస్టుకు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు ఉందో లేదో అడగడానికి మొహమాటం అక్కర్లేదు. గోడ మీద 'కౌన్సెలింగ్' అని రాసుకున్న ప్రతివాళ్లూ దీనికి శిక్షణ పొందినవాళ్లు కారు.

మొదటిసారి వెళ్లేటప్పుడు వారం రోజుల తిండి చిట్టా పట్టుకెళ్లాలి: ఏం పెట్టారు, ఎంత తిన్నాడు, ఏమన్నాడు, ఎవరు తినిపించారు. బరువుల కార్డు, పాత రక్తపరీక్షలు, వాడుతున్న సిరప్‌ల సీసాలు వెంట ఉండాలి. ఒక పూట భోజనం మొదటి నుంచి చివరి దాకా ఫోన్‌లో వీడియో తీస్తే అన్నిటికంటే మేలు. కెమెరా కంచం మీద కాకుండా కూర్చున్న అందరి మీదా ఉండాలి. డాక్టరు గదిలో పిల్లవాడు బుద్ధిమంతుడిలా ఇచ్చిన బిస్కెట్ తినేస్తాడు, ఇంట్లో నడిచే తంతు అక్కడ కనబడదు. వాడి తిండి గురించి ఫిర్యాదులన్నీ వాడి ముందే ఏకరువు పెట్టకుండా, ముందే ఒక కాగితం మీద రాసి డాక్టరుకు ఇస్తే ఆ సిట్టింగులో వాడు మాట్లాడటానికి కాస్త చోటు మిగులుతుంది.